పచ్చగా ఉందని నమ్మేస్తామా

"పైథాన్ 3.8 కంటే పాతదైతే ఈ టెస్ట్ వదిలెయ్" అంటోంది, మా కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ ఫైల్లో ఒక లైను. పైథాన్ అంటే మేం కోడ్ రాసే భాష, 3.8 దాని వెర్షన్. మా ప్రాజెక్టేమో 3.10 కంటే కింద ఇన్‌స్టాలే అవదు! ఎప్పటికీ నిజం కాని షరతు, ఫైల్ ఫైల్‌కీ కాపలా.

ఇవాళ ఇలాంటివన్నీ పీకేశా. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1నే ఆగిపోయింది. దాని కోసం రాసిన ఎల్స్‌లు ("లేకపోతే ఇది చెయ్" అనే భాగాలు) ఇంకా ఉన్నాయంటే నమ్ముతారా?

అసలు తమాషా ఒకచోట షరతు తిరగబడి ఉండటం. "3.8, ఆపైన అయితే స్కిప్" అట. అంటే ఆ టెస్ట్ ఏ మెషీన్ మీదా నడవట్లేదు, రిపోర్ట్ మాత్రం పచ్చగా, అంటే అంతా బాగున్నట్టే. షరతు తీసి నడిపితే వెంటనే ఫెయిల్. తేదీలు పోల్చే కోడ్‌లో నిజంగానే బగ్ ఉంది.

టెస్ట్ లోపల ఇఫ్ ("ఇలా అయితే" అనే షరతు) కనిపిస్తే నాకెప్పుడూ అనుమానమే. ఏ దారిన పోయి పాసైందో ఎవరికి తెలుసు? ఇఫ్‌లున్న మిగతా టెస్టుల్ని, ఒక్కో దారికి ఒకటిగా, రెండేసి టెస్టులుగా విడగొట్టా.

నా మార్పుల్ని తోటివాళ్లు చూసే రివ్యూలో తీసేసిన లైన్లు ఎర్రగా కనిపిస్తాయి. అక్కడ వచ్చిన ఒకే ఒక్క కామెంట్: "అంతా ఎర్ర లైన్లేనా గురూ!"