ఇంజిన్ లేని బండికి బ్రేకులు

అక్టోబరు, శనివారం. కొలంబస్, ఒహాయో.

పొద్దున ఏడున్నరకి గ్యారేజీ తలుపు ఎత్తేసరికి లోపల నేల ఫ్రిజ్‌లో పెట్టి తీసినట్టుంది. రెండు జతల మేజోళ్ళు, సూర్యాపేట నుంచి అమ్మ పంపిన మంకీ క్యాప్ తగిలించుకుని దిగాను. దసరాకి ఇంక ఐదు రోజులే. మా ఆవిడ ఎప్పుడో చెప్పేసింది: ఈసారి ఆయుధ పూజకి కార్లతో పాటు గ్యారేజీలో రెండేళ్ళుగా చోటు తింటున్న ఆ ఇనుప సామాను కూడా నాలుగు టైర్ల మీద నిలబడాలి, నిమ్మకాయలు తొక్కాలి. లేదంటే వచ్చే వేసవి నుంచి తన కారు లోపల, నా ఇనుము బయట.

ఇంజిన్ లేని బండి నిమ్మకాయలెలా తొక్కుతుంది అంటే, "నువ్వు తొయ్యి" అంది. తోయడం సులువే. తోసింది ఆగాలి కదా! మా డ్రైవ్‌వే వాలుగా నేరుగా రోడ్డు మీదికి దిగుతుంది. అందుకని ఇవాళ ఎలాగైనా బ్రేకులు.

బండి 1966 ఫోర్డ్ ఎఫ్-100 పికప్. ఇక్కడికి గంటన్నర దూరంలో ఒక రైతు కొట్టంలో గడ్డిమోపుల మధ్య దొరికింది. పైన రంగు చూసి మోసపోయాను. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉంటుందంటారు కానీ, ఉప్పు తిన్న ఇనుముకు ఏమాత్రం ఉండదు. ఛాసీ అంటే ఒక నిచ్చెన లాంటిదే, పొడుగ్గా రెండు ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు. వెనక కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, ఏళ్ళ తరబడి బురదా ఉప్పూ కలిసి పేరుకున్న చోట, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగింది.

ఆ తర్వాతి ఎనిమిది నెలలు నేను బండి బాగుచేశానని చెప్పలేను, ఊడదీశాను. ఛాసీలో బోల్టులు తక్కువ, రివిట్లు ఎక్కువ. ఫ్యాక్టరీలో కొట్టిన రివిట్టు ఊడి రావడానికి ఒప్పుకోదు. గ్రైండర్‌తో తల కోసి, నడుమ రంధ్రం వేసి, సుత్తీ ఉలితో బయటికి తోయాలి. మొదటి దానికి నలభై నిమిషాలు పట్టింది. ఇరవయ్యోదానికి పది. ఆ పది నిమిషాలు నాకు ఆఫీసులో వచ్చిన ఏ ప్రమోషన్ కన్నా ఎక్కువ గర్వాన్నిచ్చాయి. కుళ్ళిన ముక్క కోసేసి కొత్త ఉక్కు పలక అతికించే పని మాత్రం వెల్డింగ్ వచ్చిన మనిషితో చేయించాను. నా వెల్డింగ్ మీద నాకే నమ్మకం లేదు, ఇంకొకళ్ళని ఎలా ఎక్కించను? రివిట్ల చోట తల మీద ఆరు గీతలుండే గ్రేడ్ 8 బోల్టులు వేశాను.

అన్నీ బిగించే ముందు ఛాసీ మూలమట్టంగా ఉందో లేదో చూడాలి. ఏదో లేజర్ కొనాలనుకున్నాను. తీరా చిన్నప్పుడు మా ఇంటికి ముగ్గు పోసిన మేస్త్రీ గుర్తొచ్చాడు. దారానికి గుండు కట్టి ఛాసీ నాలుగు మూలల నుంచి నేల మీదికి దింపి, సుద్దతో గుర్తులు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి కర్ణాలు రెండూ కొలిచాను. తేడా ఎనిమిదో వంతు అంగుళం. దాదాపు అరవై ఏళ్ళు గింజలూ గడ్డీ మోసి, ఉప్పులో నాని, అంతే తేడా. ఆ రోజు టేపు మూడుసార్లు పట్టి చూసుకున్నాను, నేనే తప్పు కొలిచానేమోనని. ఆ సుద్ద గుర్తులు ఇంకా నేల మీద ఉన్నాయి, చెరపబుద్ధి కావడం లేదు.

ముందు భాగం గురించి ఎక్కువ రాయను. ఫోర్డ్ వాళ్ళు 1965లో తెచ్చిన జంట ఐ-బీమ్‌లు, అంటే ముందు చక్రాలకి చెరొక ఉక్కు దూలం; వాటికి కింగ్‌పిన్‌లు, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగే కడ్డీలు. అందులో ఒక పిన్ను రెండు వారాంతాలు, నా ఎడమ బొటనవేలి గోరు తీసుకుని బయటికొచ్చింది. ఈ బండిలో బ్రేకు పెడల్ డ్యాష్‌బోర్డు కింద వేలాడుతుంది కాబట్టి క్యాబిన్ లేకుండా బ్రేకుల పని సాగదు. పోయిన నెల నలుగురు స్నేహితులొచ్చి క్యాబిన్ ఎత్తి ఛాసీ మీద కూర్చోబెట్టారు. బిర్యానీ ఖర్చు. వెనక తొట్టి ఇంకా గోడకి ఆనించే ఉంది.

ఇక బ్రేకులు. పెడల్ తొక్కితే బ్రేకు నూనెని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్. 1966 దాకా ఈ బండికి అందులో ఒకటే గది. నాలుగు చక్రాలకీ ఒకటే నూనె. ఎక్కడైనా ఒక్క పైపు పగిలిందా, పెడల్ నేలకి తాకుతుంది, నాలుగూ పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదులు వచ్చాయి. ముందు చక్రాలది ఒకటి, వెనక వాటిది ఒకటి. ఒకటి పోయినా ఇంకొకటి ఎంతో కొంత ఆపుతుంది. పక్కింటి పెద్దాయనకి ఈ బండంటే నాకన్నా ప్రేమ. రోజూ సాయంత్రం కుక్కని తిప్పే నెపంతో వచ్చి చూసిపోతాడు. పాతది పాతదిగానే ఉంచాలని ఆయన వాదన. "నేను అలాంటిది ఇరవై ఏళ్ళు నడిపాను, ఏమీ కాలేదు" అన్నాడు. ఏమైనా అయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా, అని మనసులో అనుకుని నవ్వి ఊరుకున్నాను. పెట్రోలు ట్యాంకుని సీటు వెనకే, క్యాబిన్‌లోనే పెట్టిన కాలం అది. అన్నిట్లోనూ వాళ్ళని నమ్మనక్కర్లేదు. కొద్దిపాటి మార్పులతో రెండు గదుల సిలిండర్ కూర్చుంది. పెడల్ నుంచి సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్‌కి వెంట్రుకవాసి ఆట ఉంచడానికే ఒక పూట పట్టింది. ఆ ఆట లేకపోతే నూనె వెనక్కి రాదు, లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు చక్రంతో తిరిగే డ్రమ్ముని పట్టుకునే ఉంటాయి.

పైపులన్నీ కొత్తవి, రాగి-నికెల్‌వి. చేత్తో వంచితే వంగుతాయి, తుప్పు పట్టవు. కొసని రెండు మడతలుగా విప్పాలి. దాన్నే డబుల్ ఫ్లేర్ అంటారు. మడత చక్కగా వచ్చింది, అద్దంలా ఉంది, మురిసిపోయి ఫొటో తీశాక చూస్తే నట్టు పైపులోకి ఎక్కించనే లేదు. ఇలా మూడుసార్లు. మూడోసారి ఫొటో తీయలేదు.

ఇవాళ్టి కథకి వస్తాను. తొమ్మిదింటికి నాన్న ఫోన్. అక్కడ సాయంత్రం ఆరున్నర. ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ తిప్పిన మనిషి.

"ఏం జేస్తున్నవ్ర?"

"బ్రేకుల్లో ఎయిర్ తీస్తున్న నాన్నా."

"ఇంజనే లేదంటివి. బిరికులెందుకు?"

నిమ్మకాయల సంగతి చెప్పాను. అర నిమిషం నవ్వాడు. తర్వాత గొంతు మారింది, మెకానిక్ షెడ్డు గొంతు.

"దూరంకెళ్ళి మొదలువెట్టు, దగ్గరికి రా. ఎడమ దిక్కు ఎనుక చక్రం ముందుగాల."

సరేనని ఫోన్ పెట్టేసి, ఎడమ వెనక చక్రం దగ్గర చాప పరుచుకుని పడుకున్నాక వెలిగింది. మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, అది నిజం. కానీ నాన్న బండికి స్టీరింగ్ కుడివైపు. అక్కడ దూరమైనది ఎడమ వెనకది. ఈ బండికి స్టీరింగ్ ఎడమవైపు, దూరమైనది కుడి వెనకది. లేచి చాప అటువైపు ఈడ్చుకున్నాను. నాన్నకి చెప్పలేదు.

మా ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి సీట్లో కూర్చుంది. సీటంటే పెరుగు డబ్బాలొచ్చే ప్లాస్టిక్ పెట్టె మీద దిండు. నేను కింద, చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ నిపుల్‌కి సన్నటి గొట్టం తగిలించి, దాని కొస నూనె ఉన్న సీసాలో ముంచాను. సూర్యాపేటలో షెడ్డు కింద నుంచి మేస్త్రీ అరిచే మాటలే నా నోట్లోంచి వచ్చాయి. కొట్టు... కొట్టు... కొట్టు... తొక్కి పట్టు! అప్పట్లో పెడల్ మీద ఉండేది నేనే. కాలు అందక స్టీరింగ్ పట్టుకుని నిలబడి తొక్కేవాణ్ణి. తొక్కి పట్టినప్పుడు నిపుల్ పావు చుట్టు విప్పితే గాలి బుడగలతో నూనె చిమ్ముతుంది. మళ్ళీ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది.

"ఇంకెన్నిసార్లు?"

"బుడగలు ఆగేదాకా."

"బుడగలు నాకు కనబడవుగా. నువ్వు పడుకున్నావు, నేను ఎక్సర్‌సైజు చేస్తున్నా."

రెండో చక్రం దగ్గర "వదిలెయ్" అన్నది నేను కాఫీ కప్పుని పక్కింటి కుక్క వాసన చూస్తుంటే దాన్ని అదిలించడానికి. తను పెడల్ వదిలేసింది. మళ్ళీ మొదటికి. ఆ గొడవలో సీసా ఒరిగి నూనె ఛాసీ మీద నేను ముచ్చటపడి వేసిన నల్ల పెయింట్ మీద పడింది. బ్రేకు ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. అదృష్టవశాత్తూ నీళ్ళలో కలిసిపోయే రకం. బకెట్ నీళ్ళు కుమ్మరించి కడిగాను, అరచేయంత మేర పోయింది.

నాలుగూ అయ్యాక కూడా పెడల్ సగం దాకా దిగుతోంది. గాలి లేదు, మెత్తగా లేదు, కిందికి మాత్రం పోతోంది. అంటే షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నట్టు. వెనక పళ్ళెంలో ఉన్న సందులోంచి స్క్రూడ్రైవర్ దూర్చి నక్షత్రం లాంటి పళ్ళ చక్రం తిప్పితే దగ్గరికి వస్తాయి. మూడు వచ్చాయి. ఎడమ వెనకది ఒక చోట పట్టేస్తోంది, ఒక చోట వదిలేస్తోంది. ఎడమవైపు జాకీ బాగా ఎత్తి డ్రమ్ము లాగి చూస్తే, నా నిర్వాకం. ఈ బ్రేకుల్లో రెండు షూలు ఒకలా ఉండవు. షూ మీద రాపిడికి అతికించిన పొరని లైనింగ్ అంటారు. లైనింగ్ పొట్టిది ముందువైపు, పొడుగుది వెనకవైపు. బండి ముందుకెళ్తుంటే డ్రమ్ము ముందు షూని తనతో లాగుతుంది, అది వెళ్ళి వెనక షూని నెడుతుంది. ఎక్కువ బరువు పడేది వెనక దాని మీదే కాబట్టి దానికి పొడుగు లైనింగ్. కుడి చక్రం చేశాక ఫొటో తీసుకుని, దాన్ని చూస్తూ ఎడమది బిగించాను. బండికి అటువైపు నిలబడితే ముందు ఏదో వెనక ఏదో తారుమారవుతుందని ఇంజనీరింగ్ చదివిన ఈ బుర్రకి తట్టలేదు. పొద్దున నాన్న దిక్కు మార్చుకోలేదని లోలోపల నవ్వుకున్నానే, నేను చేసింది కూడా అదే.

మార్చి, బిగించి, మళ్ళీ తొక్కిస్తే పెడల్ ఒకటిన్నర అంగుళంలో రాయిలా ఆగింది. ఆవిడ "ఊ, ఇది బాగుంది" అంది. ఈ రెండేళ్ళలో ఈ బండి గురించి ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మంచిమాట.

మూడింటికి మా వాడు సాకర్ నుంచి వచ్చాక రిహార్సల్. స్టాండ్లు తీసేశాం. నేను పెట్టె మీద కూర్చున్నాను, వాడూ పక్కింటి పెద్దాయనా ముందు నుంచి తోశారు. బండి వెనక్కి పాకింది. చప్పుడు లేదు, టైర్ల కింద ఎండుటాకుల కరకర తప్ప. ఒక బండి పొడవు వాలు దిగాక తొక్కాను. ఆగింది. గట్టిగా ఏమీ కాదు, మర్యాదగా ఆగింది. "మళ్ళీ" అన్నాడు మా వాడు. నాలుగుసార్లు దింపి, వించ్‌తో నాలుగుసార్లు పైకి లాగాం. పెద్దాయన మాస్టర్ సిలిండర్ వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా కుక్కని తీసుకుని వెళ్ళిపోయాడు.

బండి లోపలికి తెచ్చాక నాలుగు చక్రాల కిందా అట్టముక్కలు వేశాను. పైపుల్లో ఎక్కడైనా కారుతోందేమో రాత్రికి తెలుస్తుందని. ఇందాక తొమ్మిదింటికి టార్చి పట్టుకుని వెళ్ళి చూశాను. మూడు అట్టలు పొడిగా ఉన్నాయి. కుడి వెనక చక్రం కింద రూపాయి బిళ్ళంత మచ్చ.

గుండె జారింది. వేలితో తాకి, అట్ట మీద రెండు చుక్కల నీళ్ళు పోశాను. బ్రేకు ఆయిలైతే నీళ్ళలో కలిసిపోవాలి. కలవలేదు, నీళ్ళు ముత్యంలా పక్కకి జారిపోయాయి. వాసన చూస్తే గంధకం కంపు. గేర్ ఆయిల్. పోయిన వారం వెనక యాక్సిల్‌లో నేనే పోసింది. పొద్దున ఎడమవైపు జాకీ ఎత్తినప్పుడు నూనంతా కుడివైపుకి వెళ్ళి, అక్కడి పాత సీలు దాటినట్టుంది. బ్రేకు పైపులు బంగారంలా ఉన్నాయన్నమాట. కానీ ఆ నూనె బయటికొచ్చే దారి డ్రమ్ము లోపలి నుంచే. ఇవాళ సరిగ్గా బిగించానని నమ్మకంగా చెప్పగలిగిన కొత్త షూల మీద నుంచి.

సీలు రెండు రోజుల్లో వస్తుందట. ఆర్డర్ పెట్టాను. షూలు కూడా ఒక జత.