నాలుగు ఎంఎల్ మందు, లెక్కల సారు, మా పాప కాళ్ళు (నా అనుభవం)

నిన్న సాయంత్రం మా పాప ఎక్స్‌రే వచ్చింది, డాక్టరమ్మ లైటుకి పెట్టి చూసి "బాగుంది, ఎముక చివర తెల్లగీత వస్తా ఉంది" అనింది, అందుకే ఈరోజు కూర్చుని రాస్తా ఉన్నా. లేకపోతే ఈ రెండు నెలలూ ఎవరికీ చెప్పుకునే మొహం లేదు నాకు.

పాపకి రెండేళ్ళ నాలుగు నెలలు. నడక లేటు, వచ్చినాక కూడా దొడ్డికాళ్ళు. మడమలు కలిపి నిలబెడితే మోకాళ్ళ మధ్య నా నాలుగు వేళ్ళు పట్టేవి. రెండేళ్ళ లోపు కొంచెం వంకర మామూలే, దానంతట అదే పోతుంది అని అందరూ అన్నారు, అది నిజమే కూడా, కానీ మా పాపకి రెండు దాటాక తగ్గాల్సింది పోయి ఎక్కువైంది. దిష్టికి వేసిన నల్లగాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోతున్నాయని మా ఆవిడ పట్టుకునింది, నేను కాదు.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయాం, మణికట్టుకీ మోకాలికీ ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు, రికెట్స్ అన్నారు, అంటే డి విటమిన్ చాలక ఎముకలు గట్టిపడక వంగిపోయే జబ్బు. ఎక్స్‌రేలో ఎముక చివర గీత గీసినట్టు ఉండాలంట, మా పాపది అరిగిపోయిన టూత్‌బ్రష్ మాదిరి చెదిరిపోయి ఉంది. రక్తంలో డి విటమిన్ ఎంఎల్‌కి 7 నానోగ్రాములు. పిల్లలకి 12 కంటే తక్కువుంటే లోపం, 20 దాటితే చాలు. (ల్యాబ్ కాగితం మీద 30 ఉండాలని ఉంటుంది, అది చూసి 22 ఉన్న పిల్లోడికి కూడా మందు పోసే మహానుభావులు మా స్టాఫ్‌రూంలోనే ఉన్నారు.) పుట్టినప్పుడు రోజుకి 400 యూనిట్ల చుక్కలు ఏడాది దాకా వెయ్యమని రాసిచ్చారు, మేము మూడో నెలలో సీసా అయిపోగానే ఆపేశాం. తల్లిపాలు తాగుతోంది కదా ఇంకేం కావాలి అనుకున్నాం. తల్లిపాలల్లో అన్నీ ఉంటాయి గానీ డి మాత్రం చాలా తక్కువంట. ఇంతవరకూ ఒక ఎత్తు.

డాక్టరమ్మ రాసింది ఏందంటే డి3 డ్రాప్స్, రోజుకి 4 ఎంఎల్, 12 వారాలు, దాంతోపాటు కాల్షియం సిరప్. ఆమె మనసులో ఉన్న మందు ఎంఎల్‌కి 800 యూనిట్లది, అంటే రోజుకి 3200. కానీ చీటీలో యూనిట్లు రాయలేదు, కంపెనీ పేరూ ఎంఎల్ మాత్రమే. ఆ కంపెనీది మా సందు చివర మెడికల్ షాపులో లేదు. కౌంటర్లో కుర్రోడు "అదే డి3 సార్, కంపెనీ వేరే అంతే, ఇది నానో, ఇంకా మంచిది" అని ఒక డబ్బా పెట్టాడు. లోపల నాలుగు బుడ్డి సీసాలు, ఒక్కోటి 5 ఎంఎల్. ఇందులో అయిదుంది కదప్పా, మాకు నాలుగే రాశారే అంటే "నాలుగు పోసి మిగతాది పారేయండి సార్" అన్నాడు. పోశా. నాలుగు రోజులు, రోజుకో సీసా, సిరంజితో కొలిచి మరీ.

మధ్యలో ఒక మాట. నాది పదిహేడేళ్ళ సర్వీసు, లెక్కలు చెప్తా. ఏకవస్తు పద్ధతి నా దగ్గర నేర్చుకున్న పిల్లోళ్ళు ఇద్దరు ఐఐటీ దాకా పోయారు. డబ్బా మూడొందలు, నాలుగు రోజులకి ఒక డబ్బా, పన్నెండు వారాలకి ఇరవై ఒక్క డబ్బాలు, ఆరు వేల మూడొందలు అని నోటితో లెక్కేసి మా ఆవిడకి చెప్పింది కూడా నేనే. రూపాయలకి ఏకవస్తు పద్ధతి వేశా, యూనిట్లకి వెయ్యలా.

అయిదో రోజు రెండో డబ్బా కోసం పోతే కౌంటర్లో ఒకావిడ ఉంది. "ఎవరికి సార్?" అనింది. పాపకి అన్నా. "వారానికి ఒకటేనా?" అంటే రోజూ అన్నా. ఆమె డబ్బా తీయబోయిన చెయ్యి అట్లే అరలోనే ఆగిపోయింది. "ఇది వారానికోసారి పెద్దోళ్ళకి ఇస్తారు సార్" అని డబ్బా నా చేతిలో పెట్టింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో, ప్రతి 5 ఎంఎల్‌లో 60,000 ఐయూ, అంటే యూనిట్లు. అంటే ఎంఎల్‌కి 12,000. నాలుగు ఎంఎల్‌కి 48,000. నాలుగు రోజులకి 1,92,000. బిల్లు వెనక రాసి చూసుకున్నా, పెన్ను జారతా ఉంది. నేను పొయ్యాల్సింది రోజుకి 3200, అంటే అరవై రోజుల మందు నాలుగు రోజుల్లో పోశా.

ఇంతలో ఓనరు లోపల్నుంచి వచ్చాడు. మీ కుర్రోడే ఇచ్చాడయ్యా అంటే "డబ్బా మీద రాసుంది కదా సార్, చూసుకోవాల, చదువుకున్నోళ్ళేగా మీరు" అని గట్టిగా, షాపులో ఆరుగురు వింటుండగా. అందులో ఒకాయన కొడుకు నా ఎనిమిదో క్లాసులోనే ఉన్నాడు. ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చేటప్పుడు బలం చూసి ఇవ్వాల్సిన పని మీది కాదా అని ఇప్పుడు ఎన్ని మాటలైనా వస్తాయి, ఆ నిమిషంలో ఒక్క మాట రాలేదు. వాడి షాపు మెట్టు మళ్ళీ తొక్కలేదు, తొక్కను.

రాత్రి ఎనిమిదింటికి పాపని ఎత్తుకుని ఆస్పత్రికి పోయాం. డాక్టరమ్మ వరసగా అడిగింది, వాంతులయ్యాయా, విరేచనం బిగిసిందా, నీళ్ళు ఎక్కువ అడుగుతోందా, ఉచ్చ ఎక్కువ పోస్తోందా, మత్తుగా పడుకుంటోందా అని. డి విటమిన్ ఎక్కువైతే ఉచ్చలో పోయేది కాదంట, కొవ్వులో నిలవుంటుంది, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుందంట. అన్నిటికీ లేదు లేదు అన్నాం. "మీరేం చేస్తారండీ?" అనింది. టీచర్ అమ్మా అన్నా. "ఏం సబ్జెక్టు?" నేను సోషల్ అనబోయా, మా ఆవిడ "లెక్కలు మేడం" అనేసింది. నర్సమ్మ అటు తిరిగి నవ్వుకునింది.

మళ్ళీ రక్తం తీశారు. నరం దొరక్క మూడు పోట్లు. నా తప్పుకి సూది దానికి. అది "నానా వొద్దు" అని నన్నే పట్టుకుని ఏడుస్తా ఉంటే నేనే దాని చెయ్యి కదలకుండా పట్టుకోవాల్సొచ్చింది. కాల్షియం 9.9 వచ్చింది, మామూలే. "పాతరోజుల్లో రికెట్స్‌కి మూడు లక్షలు కూడా ఒకేసారి పోసేవాళ్ళు, ఆ లెక్కన గట్టెక్కారు, ఇట్లే ఇంకో నెల పోసుంటే వేరే కథ" అని డి ఆపేసి కాల్షియం ఒక్కటే పొయ్యమనింది. నేనూ ధైర్యం చేసి, చీటీలో ఎంఎల్ పక్కన యూనిట్లు కూడా రాయండి మేడం అన్నా. మొహం కొంచెం మారింది గానీ ఇప్పుడు రాస్తోంది. మీరూ అడగండి, సిగ్గుపడొద్దు.

ఇంక మా అమ్మ. పలమనేరు నుంచి దిగి "సంగటి తినే ఇంట్లో బొమికల జబ్బేందిరా" అనింది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, పాలకంటే ఎక్కువే, కానీ డి లేకపోతే తిన్నదాంట్లో పది, పదిహేను శాతమే ఒంటికి పడుతుంది. అయితే పొద్దున్నే నీరెండలో కూర్చోబెట్టు అనింది. ఇదే తిరుపతిలో హరినారాయణ్ అనే ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు వాళ్ళ టీం, చర్మంలో డి గా మారే సరుకు నింపిన గొట్టాలు ఎండలో పెట్టి చూస్తే ఇక్కడ డి బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్యలో అని తేలింది, 2013లో అచ్చయింది. అది చెప్తే మా అమ్మ "రథసప్తమి నాడు స్వామి సూర్యప్రభ వాహనం మీద తెల్లారే కదరా వచ్చేది, పదకొండుకా?" అనింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పదకొండున్నరకి చేతులు కాళ్ళు తగిలేటట్టు మిద్దె మీద ఓ పది నిమిషాలు తిప్పుతా ఉన్నాం. అంతకుముందు హాల్లో కిటికీ అద్దం లోంచి పడే ఎండలో ఆడించేవాళ్ళం, అద్దం దాటి వచ్చే ఎండలో డి పుట్టదంట.

మోకాళ్ళ మధ్య ఇప్పుడు మూడు వేళ్ళు. పూర్తిగా సరికావడానికి ఏడాది పైనే పట్టొచ్చనింది డాక్టరమ్మ. నిన్న చీటీలో డి మళ్ళీ రాసింది, ఈసారి రోజుకి 600 యూనిట్లు, ముప్పావు ఎంఎల్, రెండూ రాసింది. సీసా మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసుకునింది, నన్ను ముట్టుకోనివ్వదు. రాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని 600 బై 800 కొట్టి చూసుకుంటా ఉంటే పట్టుకునింది.