పాలో డ్యూరో లోయకి ట్రైలర్‌తో

పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే ఇంటిలాంటి ట్రైలర్ కొందామనుకునే మనవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "మీ ట్రక్కు ఎన్ని పౌండ్లు లాగుతుంది?" అని. షోరూంలో కూడా ఆ అంకే గొప్పగా చెబుతారు. తొమ్మిది వేలంటారు, పదకొండు వేలంటారు. నేను మాత్రం డ్రైవర్ వైపు తలుపు తీసి, అంచున అంటించిన పసుపు స్టిక్కర్ చదవమంటాను. మనుషులూ సామానూ అంతా కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. మా ట్రక్కుకి అది 1,640 పౌండ్లు. కుటుంబంతో తిరిగేవాళ్ళకి అన్నిటికంటే ముందు నిండిపోయేది ఈ లెక్కే.

అక్టోబర్‌లో అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఎక్కడికైనా తీసుకెళ్దామంటే అమ్మకి బయటి తిండి పడదు, నాన్నకి గంటకోసారి బాత్రూం కావాలి. ట్రైలర్ ఉంటే వంటిల్లూ బాత్రూమూ మంచమూ మన వెంటే వస్తాయి. పెద్దవాళ్ళతో ప్రయాణానికి దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం. అందుకే టెక్సస్ ఉత్తరపు కొసన, పాన్‌హ్యాండిల్ అనే ప్రాంతంలో అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో క్యాన్యన్ స్టేట్ పార్కులో కరెంటూ నీళ్ళూ ఉన్న సైటు, అంటే ట్రైలర్ నిలుపుకునే చోటు, ఒకటి బుక్ చేశాను.

ఇప్పుడు ఆ 1,640లోకి ఏం వస్తుందో చూడండి. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, పాప కలిపి 675 పౌండ్లు. ట్రైలర్ ముందు భాగం హిచ్ బాల్ మీద, అంటే ట్రక్కు వెనక దాన్ని తగిలించే ఇనప గుండు మీద, మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, 740. బరువుని ముందు చక్రాలకీ ట్రైలర్ చక్రాలకీ పంచే హిచ్ ఒక 80. మొత్తం 1,495. ఇక మిగిలింది 145 పౌండ్లే. ట్రక్కు వెనక తొట్టిలో కుర్చీలూ, జనరేటరూ, కట్టెలూ పడేద్దామంటే కుదరదు.

ట్రైలర్ మొత్తం బరువు హైవే పక్కన లారీలు తూచే తూకం మీద తూయిస్తే 6,080 వచ్చింది. టంగ్ వెయిట్ అందులో పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి, మాది పన్నెండు. అది తక్కువైతే ట్రైలర్ వెనక భాగం రోడ్డు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. అందుకే బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, నీళ్ళ క్యాన్లు అన్నీ ఇరుసుల దగ్గర నేల మీద సర్దాను. బరువైనవి వెనక కొసన మాత్రం పెట్టకూడదు. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, నింపితే 330 పౌండ్ల పైమాటే. పార్కులో నీళ్ళున్నాయి కాబట్టి దారిలో అవసరానికి సరిపడా కొంచెమే పోశాను.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ట్రైలర్ చక్రాల బేరింగులకి గ్రీజు మార్చాలన్నానో లేదో, లుంగీ పైకి కట్టి వచ్చేశారు. ఏడాదికోసారి, లేదా పన్నెండు వేల మైళ్ళకోసారి ఈ పని చెయ్యాలి. పాత గ్రీజంతా తుడిచి, బేరింగు రోలర్లు నీలంగా మాడాయా, గీతలు పడ్డాయా అని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. తర్వాత అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి గట్టిగా అదుముతూ పోయారు. రోలర్ల సందుల్లోంచి గ్రీజు సన్నటి పోగులుగా పైకి వచ్చేదాకా ఆగలేదు. అలా చుట్టూ తిప్పుతూ ప్రతి సందూ నింపారు.

"ఏరా, నట్టు ఎట్టా బిగిస్తావు?" అని నన్నే అడిగారు.

"హబ్ తిప్పుతూ గట్టిగా బిగించి, బేరింగు కుదురుకున్నాక వదులు చేసి, మళ్ళీ వేళ్ళతోనే బిగిస్తాను నాన్నా. తర్వాత పిన్ను వేస్తాను."

"అదీ. బిగుతైతే కాలుద్ది, వదులైతే ఊగుద్ది. బ్రేకు షూ మీద మాత్రం గ్రీజు చుక్క పడనీయమాక."

ఈ ట్రైలర్ బ్రేకులు కరెంటుతో పనిచేస్తాయి. ట్రక్కులో బ్రేకు తొక్కగానే డ్రైవర్ దగ్గరుండే కంట్రోలర్ అనే చిన్న పెట్టె నుంచి కరెంటు వెళ్ళి, డ్రమ్ము లోపలి అయస్కాంతం దానికి అతుక్కుని, షూలని బయటికి నెడుతుంది. డిపోలో గాలి బ్రేకులు చూసిన నాన్నకి ఇది కొత్త. అయస్కాంతం ఎంత అరిగిందో వేలితో తడిమి చూసి తృప్తిపడ్డారు.

టైర్ల మీద నాకు పట్టింపు ఎక్కువ. ట్రైలర్ టైర్లు పైన ఎంత కొత్తగా కనిపించినా ఐదారేళ్ళకి మార్చేయాలి. అవి ఎక్కువగా అరిగి పాడవ్వవు, నిలబెట్టిన చోటే ఎండకి లోపల చీకిపోతాయి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చాలా రకాలకి గరిష్ఠ వేగం గంటకి 65 మైళ్ళే. 287 హైవే మీద 75 బోర్డులు కనిపిస్తాయి. మేం 62 దాటలేదు. వెనక కార్లు విసుక్కుంటూ దాటిపోతాయి, పోనివ్వాలి.

బయల్దేరే రోజు పొద్దున తగిలించడం ఒక క్రమంలో జరగాలి. బాల్ మీద ట్రైలర్ ముందు కొసనుండే కప్లర్ కూర్చున్నాక లాచ్ వేసి పిన్ను పెట్టడం, గొలుసులు రెండూ కిందుగా అడ్డంగా దాటించి తగిలించడం, ఏడు పిన్నుల ప్లగ్గు, చివరిగా బ్రేక్అవే కేబుల్. ట్రైలర్ ఎప్పుడైనా ఊడిపోతే ఆ కేబులే స్విచ్చు లాగి దాని బ్రేకులు పట్టిస్తుంది. కాబట్టి దాన్ని గొలుసులకి కాకుండా విడిగా ట్రక్కుకే కట్టాలి. నాన్న వెనక నిలబడి "ఎడం ఇండికేటరు, కుడి, బ్రేకు, సరే" అని కేకేశారు. వీధి చివరిదాకా నెమ్మదిగా పోనిచ్చి, కంట్రోలర్ మీది మీట చేత్తో నొక్కి, ట్రైలర్ బ్రేకులు విడిగా పడుతున్నాయా లేదా చూసుకుని హైవే ఎక్కాం.

డెకేటర్, విచిటా ఫాల్స్, వెర్నన్, చిల్డ్రస్. దారంతా పత్తి చేలు, గాలిమరలు. గుంటూరు జిల్లా మనుషులకి పత్తి చేను కొత్త కాదు గానీ, కనుచూపు మేర ఒక్క మనిషి లేని చేను చూసి అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెర్నన్ దాటాక పక్కగాలి మొదలైంది. పెద్ద లారీ పక్క నుంచి దాటేటప్పుడు ముందు ట్రైలర్‌ని అవతలికి తోస్తుంది, వెంటనే తనవైపు లాక్కుంటుంది. స్టీరింగు ఊపకూడదు, ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, కంట్రోలర్ మీట కొద్దిగా నొక్కితే ట్రైలర్ వెనక్కి లాగినట్టయి తిన్నగా వస్తుంది. ఆ రోజు ఒకచోట అలా మీట నొక్కాల్సి వచ్చింది. గాలి గంటకి 35 మైళ్ళు దాటుతుందని హెచ్చరిక ఉంటే మాత్రం నేను అసలు బయల్దేరను.

చిల్డ్రస్‌లో పెట్రోలు పోయించాం. గ్యాలన్‌కి తొమ్మిదిన్నర మైళ్ళు ఇస్తోంది, ఈ బరువుకీ ఎదురుగాలికీ అంతే వస్తుంది. ఆగిన ప్రతిచోటా నాన్న దిగి, చక్రాల మధ్యనుండే నాలుగు హబ్‌ల దగ్గరా అరచేతి వెనక భాగం పెట్టి వేడి చూశారు. నా దగ్గర వేడి కొలిచే గన్ ఉంది. రెండూ ఒకే మాట చెప్పాయి. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. ఒక్కటి మిగతావాటికంటే బాగా వేడెక్కితే అక్కడ బేరింగో, బ్రేకో పట్టేసిందని లెక్క.

క్లాడ్ ఊరు దగ్గర హైవే వదిలాక నేల బల్లపరుపుగా ఉంటుంది. లోయ ఉందని ఎక్కడా తెలియదు. పార్కు గేటు దాటాక ఒక్కసారిగా నేల విడిపోయి ఎర్రటి గోడలు బయటపడతాయి. "గండికోట దగ్గర పెన్నా ఇట్టాగే ఉంటది" అన్నారు నాన్న. అమెరికాలో గ్రాండ్ క్యాన్యన్ తర్వాత అంత పెద్దది ఇదేనంటారు. సుమారు 120 మైళ్ళ పొడవు, పార్కు దగ్గర 800 అడుగుల లోతు. దీన్ని కోసింది రెడ్ రివర్ పాయ ఒకటి, మామూలు రోజుల్లో పిల్లలు దాటేంత నీళ్ళే ఉంటాయి.

కిందికి దిగే రోడ్డు 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో ఉపాధి పథకం కింద చేరిన కుర్రాళ్ళూ మాజీ సైనికులూ వేసింది. పార్కు 1934లో తెరిచారు. వాలు పది శాతం, అంటే వంద అడుగులకి పది అడుగులు దిగుతాం. పైనే ఆగి, బ్రేకులు ఇంకోసారి చూసుకుని, ట్రక్కుని టో మోడ్‌లో, అంటే బరువు లాగేటప్పటి సెట్టింగులో, పెట్టి, గేరు రెండుకి దించాను. బ్రేకు మీద కాలు పెట్టి పట్టుకునే దిగితే డ్రమ్ములు కాలిపోయి పట్టు పోతుంది. ఇంజనే ఆపాలి. మధ్యమధ్య ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేస్తూ, మెలికల దగ్గర మరీ నెమ్మదిగా దిగాం. వెనక ఆరు వేల పౌండ్లు నెడుతున్నట్టు సీటులోనే తెలుస్తుంది. దిగాక రోడ్డు నదిని దాటే చోట్లున్నాయి, వరదొస్తే మూసేస్తారు. ఆ రోజు పొడిగానే ఉంది.

సైటులో ముందు ఎడమా కుడీ సమం చేసి, చక్రాలకి దిమ్మలు పెట్టాకే ట్రక్కు విప్పాలి. తర్వాత ముందు జాకీతో ముందూ వెనకా సమం చెయ్యడం. నాలుగు మూలల జాకీలు కదలకుండా ఉంచడానికే, వాటితో ట్రైలర్‌ని ఎత్తితే చట్రం వంగుతుంది. కరెంటు పోల్‌కి నేరుగా తగిలించను, మధ్యలో కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉండాల్సిందే. నీళ్ళకి ప్రెషర్ తగ్గించే రెగ్యులేటరు, తాగేనీళ్ళ కోసమే చేసిన తెల్ల పైపు.

వంట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన వాళ్ళకి ఎక్కువగా ఇబ్బంది వచ్చేది అక్కడే. ముప్ఫై ఆంపియర్ల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే దాదాపు సగం తీసుకుంటుంది. దానికి మైక్రోవేవూ, కరెంటు మీద నీళ్ళ హీటరూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. అందుకని హీటర్ గ్యాస్ మీద పెట్టుకున్నాం. అమ్మ మిక్సీలో కొబ్బరి పచ్చడి తిప్పే ముందు "ఏసీ కట్టెయ్యండి" అని ఒక కేక వేసేది. కుక్కర్ లోపలి గ్యాస్ స్టవ్ మీదే పెట్టాం, పైన ఫ్యాన్ తెరిచి. తాలింపు మాత్రం బయట బల్ల మీద చిన్న స్టవ్‌తో. లోపల ఎండుమిరపకాయలు వేగితే పొగ అలారం కొట్టుకుంటుంది, ఆ వాసన పరదాల్లో వారం ఉంటుంది. రెండో రోజు పొద్దున గోంగూర పప్పు తాలింపు వాసనకి పక్క సైటు పెద్దాయన నడుచుకుంటూ వచ్చి, అదేంటని అడిగి, గిన్నెడు పట్టుకెళ్ళాడు.

బాత్రూం ట్యాంకు గురించి చాలామంది టెన్షన్ పడతారు. మనం నీళ్ళు బాగా వాడే అలవాటున్న వాళ్ళం, ఆ ట్యాంకుకి అదే మంచిది. నీళ్ళు తక్కువైతే అడుగున గట్టిపడుతుంది. సగానికి పైగా నిండేదాకా వాల్వు మూసే ఉంచాలి. ఖాళీ చేసేటప్పుడు ముందు అది, తర్వాత స్నానాల ట్యాంకు వదిలితే పైపు దానంతటదే కడుక్కుంటుంది. ఈ పార్కులో సైటు దగ్గర డ్రైనేజీ లేదు కాబట్టి స్నానాల ట్యాంకు చూసుకుంటూ వాడుకోవాలి. బయటికి వెళ్ళేటప్పుడు దారిలో ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో వదిలేశాం.

పాపా నేనూ పొద్దున్నే లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా నడిచి వచ్చాం, రానూపోనూ ఆరు మైళ్ళ దాకా. వేసవిలో ఇక్కడ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, అప్పుడు ఈ దారి ఎవరికీ చెప్పను. గోడల్లో ఎర్రమట్టి పొరల మధ్య తెల్లటి జిప్సం గీతలు మెరుస్తుంటాయి. అడుగునున్న ఆ ఎర్ర పొరలు పాతిక కోట్ల ఏళ్ళ నాటివి. 1874 సెప్టెంబర్‌లో ఈ లోయలోనే కర్నల్ మెకెంజీ నడిపిన అమెరికా సైన్యం కొమాంచీ, కయోవా, షయెన్ అనే ఆదివాసుల శిబిరాల మీద పడింది. ప్రాణనష్టం తక్కువే. కానీ గుడారాలూ చలికాలం తిండీ తగలబెట్టి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చేశారు. గుర్రం లేకుండా ఆ మైదానంలో బతుకు లేదు, చివరికి వాళ్ళు ప్రభుత్వం కేటాయించిన, రిజర్వేషన్లనే ప్రాంతాలకి వెళ్ళాల్సి వచ్చింది. రెండేళ్ళకే అదే లోయలో చార్లెస్ గుడ్‌నైట్ పశువుల రాంచ్ పెట్టాడు. నాన్నకి ఇదంతా చెబితే, గుర్రాల దగ్గర ఆపి, మళ్ళీ చెప్పమన్నారు.

సాయంత్రం గాలి లేస్తుందనిపిస్తే ట్రైలర్ పక్కన చాపే గుడ్డ పందిరిని, అంటే ఆనింగుని, ముందే చుట్టెయ్యాలి. ఆ గుడ్డ ఒక్క విసురుకి దాన్ని మోసే కడ్డీలతో సహా విరిగిపోతుంది.

ఇంటికొచ్చాక పైకప్పు ఎక్కాను. ట్రైలర్‌ని చంపేది రోడ్డు కాదు, నీళ్ళు. పైన ఫ్యాన్లూ గొట్టాలూ ఉన్నచోట సీలెంట్ పగులు వెంట్రుకంతున్నా, లోపల చెక్క కుళ్ళుతుంది. వంటిల్లు పైన ఫ్యాన్ మూల దగ్గర ఒక పగులు కనపడితే తుడిచి కొత్త సీలెంట్ పోశాను. చలికి ముందు పైపుల్లో నీళ్ళు తీసేసి, హీటర్ని బైపాస్ చేసి, పైపులు గడ్డకట్టి పగలకుండా ట్రైలర్ల కోసం చేసిన గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ ఎక్కించాలి, కారులో పోసేది కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పటి నుంచి డాలస్‌లో కూడా ఈ పని తప్పనిసరి అనుకుంటున్నాను.

మార్చిలో కాప్‌రాక్ క్యాన్యన్స్ అనే ఇంకో స్టేట్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం, గుడ్‌నైట్ దంపతులు కాపాడిన బైసన్, అంటే అమెరికా అడవి దున్నల, మంద వారసులు అక్కడ తిరుగుతాయి. అమ్మానాన్నల వీసా అప్పటిదాకా ఉంది. ఆలోపు నాలుగు టైర్లూ మార్పించాలి, కొత్త చక్రాల నట్లు మొదటి యాభై మైళ్ళకి మళ్ళీ టార్క్ చూసి బిగించాలి. ఆ పని తనదేనని నాన్న ఇప్పుడే చెప్పేశారు.