షార్ట్ అయిన కరెంటు ఏ దారిన వెళ్లింది? – కారు ఎలక్ట్రికల్ లోపం వెతికిన నా అనుభవం

కారు ఇంజిన్ ఆపి దాని బెల్టు బిగిస్తుండగా స్పానర్ జారి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనుక ఉండే, దాని కరెంటు బయటికి వచ్చే బీ ప్లస్ బోల్టుకూ ఇంజిన్ లోహానికీ ఒకేసారి తగిలింది. ఆ బోల్టును కప్పి ఉంచవలసిన రబ్బరు తొడుగు ఎండి పగిలి ఎప్పుడో ఊడిపోయి ఉంది. పెద్ద మెరుపు మెరిసి, వెంటనే ఆగిపోయింది. తరువాత ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అయింది గాని, డాష్‌బోర్డుపై ఎర్రని బ్యాటరీ గుర్తు ఆరలేదు. లోపాలను చదివే స్కానర్‌ను తగిలిస్తే దాని తెర అసలు వెలగనే లేదు. చూసినవారిలో ఒకరు ఆల్టర్నేటర్ కాలిపోయిందన్నారు, మరొకరు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, పోయిందన్నారు. రెండూ ఖరీదైన తీర్పులే. మీటరు పెట్టి చూసి చెప్పినవి మాత్రం కావు.

బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, కాలిన వాసన గాని, ఉబ్బిన వైరు గాని ఎక్కడా లేదని నిర్ధారించుకున్నాక, షార్ట్ కరెంటు నడిచిన దారిని కాగితంపై గీశాను. బ్యాటరీ పాజిటివ్ నుండి మెయిన్ ఫ్యూజ్, అక్కడి నుండి లావుపాటి కేబుల్ గుండా బీ ప్లస్ బోల్టు, బోల్టు నుండి స్పానర్, స్పానర్ నుండి ఇంజిన్ లోహం, తిరిగి బ్యాటరీ నెగటివ్. కాలిపోయినదేదైనా ఉంటే ఈ దారిలోనే ఉండాలి. ఆల్టర్నేటర్ లోపలి చుట్లు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు ఈ దారిలో లేవు, ఎందుకంటే కరెంటు బోల్టు వరకు వచ్చి బయటి నుంచే వెళ్లిపోయింది. ఈసీయూ అయితే ఆ ఛాయలకే రాదు. స్టార్టర్‌కు వెళ్లే కేబుల్ వేరు కనుక ఇంజిన్ స్టార్ట్ కావడంలో వింత లేదు.

నెగటివ్ కేబుల్ తిరిగి బిగించి మీటరుతో కొలతలు మొదలుపెట్టాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ వద్ద 12.5 వోల్టులు ఉన్నాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 13.8 నుండి 14.5 వరకు పెరగవలసి ఉండగా, 12.2కు దిగి ఇంకా తగ్గుతూ పోయింది, అంటే ఛార్జింగ్ బ్యాటరీకి చేరడం లేదు. ఇంజిన్ ఆపి బీ ప్లస్ వద్ద చూస్తే 11.4 వోల్టులు కనిపించాయి. ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. మెయిన్ ఫ్యూజ్ కరిగిపోయి ఉంటే అక్కడ సున్నా రావాలి. బాగుంటే బ్యాటరీతో సమానంగా రావాలి. ఇది రెండూ కాదు.

డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు ఉంటుంది కనుక అది దాదాపు కరెంటే తీసుకోదు. కరిగిన లోహం ఫ్యూజ్ ప్లాస్టిక్‌పై పలుచగా అంటుకుని ఉన్నా, మీటరుకు వోల్టేజీ చూపించడానికి ఆ పొర చాలు. అందుకని 21 వాట్ల బ్రేక్ లైటు బల్బుకు రెండు వైర్లు కట్టి బీ ప్లస్‌కూ బాడీకీ మధ్య పెట్టాను. ఆ బల్బు వెలగడానికి సుమారు 1.75 ఆంపియర్లు కావాలి. బల్బు వెలగలేదు, మీటరు సున్నాకు పడిపోయింది. నెగటివ్ కేబుల్ మళ్లీ తీసి, బోల్టులతో బిగించి ఉండే 100 ఆంపియర్ల ఆ ఫ్యూజ్‌ను విప్పి చూస్తే, పైనుంచి నిక్షేపంలా కనిపించిన పట్టీ కింది వంపు దగ్గర తెగి, చుట్టూ నల్లగా మసిబారి ఉంది. నా దృష్టిలో ఫ్యూజ్‌ను కంటితో చూసి బాగుందనడం కన్నా, లోడు లేకుండా వోల్టేజీ కొలిచి బాగుందనడమే ఎక్కువ ప్రమాదకరం. చేతిలో అంకె ఉంటే అనుమానం రాదు.

కొత్త ఫ్యూజ్ వేసే ముందు, ఆ ఫ్యూజ్ లేకుండానే, బీ ప్లస్‌కూ బాడీకీ మధ్య డయోడ్ పరీక్ష చేశాను. మీటరు ఎర్ర తీగ బాడీకి, నల్ల తీగ బోల్టుకు పెడితే 0.9 వోల్టుల ప్రాంతంలో చూపింది, తిప్పి పెడితే ఏమీ చూపలేదు. డయోడ్లు ఒకవైపే దారి ఇస్తున్నాయి కనుక లోపల షార్ట్ మిగిలి లేదు.

ఇక స్కానర్ సంగతి. దాన్ని తగిలించే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు నేరుగా బ్యాటరీ పాజిటివ్ రావాలి. 4, 5 పిన్నులు ఎర్త్. ఎర్త్‌లు సరిగానే ఉన్నాయి, 16లో వోల్టేజీ లేదు. ఈ కారులో ఆ పిన్నుకూ సిగరెట్ లైటర్ సాకెట్‌కూ ఒకటే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్, అది పోయింది. నేను గీసిన దారిలో ఈ ఫ్యూజ్ లేదు కనుక స్పానర్‌కూ దీనికీ సంబంధం లేదు. లైటర్ సాకెట్‌ను కొంతకాలంగా ఎవరూ వాడలేదు కాబట్టి, అది ఎప్పుడు పోయిందో గమనించినవారూ లేరు. ఫ్యూజ్ మార్చగానే స్కానర్ వెలిగి, ఈసీయూతో మాట్లాడింది. అందులో ఉన్నది వోల్టేజీ తక్కువైందని చెప్పే పీ0562 కోడు ఒక్కటే.

అదే రేటింగు మెయిన్ ఫ్యూజ్ బిగించి ఇంజిన్ నడిపితే బ్యాటరీ వద్ద 14.2 వోల్టులు వచ్చాయి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా 13.9 కన్నా తగ్గలేదు. ఆ లోడు మీదనే బీ ప్లస్‌కూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య తేడా 0.15 వోల్టు ఉంది, అంటే కేబుల్, కొత్త ఫ్యూజ్ కీళ్లు బిగువుగానే ఉన్నాయి. బ్యాటరీ విప్పినందువల్ల గడియారాన్నీ పవర్ విండోలనూ మళ్లీ సెట్ చేయవలసి వచ్చింది. చివరగా బీ ప్లస్ బోల్టుకు కొత్త రబ్బరు తొడుగు వేసి, కారు తాళం వేసి కొంతసేపు వదిలిన తరువాత బ్యాటరీ నుండి ఊరికే పోతున్న కరెంటును కొలిస్తే 30 మిల్లీ ఆంపియర్ల లోపే ఉంది.