పొడి డబ్బా నుంచి చేప పిండం దాకా: బరంపురంలో నా ప్రాజెక్టు అనుభవం

బరువు తగ్గడానికని, జుట్టు ఊడకుండా ఉండాలని, నెలసరి సరిగ్గా రావాలని మా బరంపురం బజారులో దొరికే పొడులూ క్యాప్సూళ్లూ కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు చాలామంది వాడతారు. గర్భం నిలిచిన సంగతి తెలియకముందు కూడా అవి కడుపులోకి పోతూనే ఉంటాయి. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం దాదాపు 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి అనుమానమైనా రాదు. అలాంటి ఒక బజారు పొడి పిండానికి హాని చేస్తుందా అన్న విషయాన్నే నేను ప్రాజెక్టుకి పట్టుబట్టి తీసుకున్నది అందుకే.

కొత్త మందైతే గర్భంతో ఉన్న ఎలుకల మీద, కుందేళ్ల మీద పరీక్షించి చూస్తారు. సప్లిమెంట్ మన దేశంలో ఆహారం లెక్కలోకి వస్తుంది. డబ్బా మీద ‘మందుగా వాడరాదు’ అని ఉండాలి, కానీ ప్రతి పొడికీ అలాంటి పరీక్ష జరగదు. జ్ఞాపకశక్తికి, బరువు తగ్గడానికి అమెరికాలో ఎన్నో ఏళ్లు అమ్మిన విన్‌పోసెటిన్ అనే సప్లిమెంట్ వల్ల గర్భస్రావం కావచ్చని, పిండానికి హాని జరగవచ్చని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది 2019లో. అప్పటిదాకా ఎంతమంది గర్భిణులు వేసుకున్నారో ఎవరు లెక్కపెట్టారు?

మా ల్యాబ్‌లో ఎలుకల సదుపాయం లేదు, జీబ్రా చేపలున్నాయి. దీని పిండం అద్దంలా ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. రాత్రి ఆడ, మగ చేపల మధ్య అడ్డు పెట్టి, తెల్లారి లైటు వేసి అడ్డు తీస్తే కాసేపటికే గుడ్లు పెడతాయి. ఆ తర్వాత పరుగే. ఫలదీకరణ చెందినవాటిని ఏరి, పదహారు కణాల దశ దాటకముందే, అంటే గంటన్నర లోపే, పరీక్ష ద్రావణంలో వెయ్యాలి. 24 గుంటల ప్లేటులో గుంటకి ఒక్కటి, 26 డిగ్రీల దగ్గర, 96 గంటలు. ఇది 2013లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఆమోదించిన 236వ పరీక్ష పద్ధతి.

చేపల కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది పొడి. స్వచ్ఛమైన రసాయనమైతే తూచి కలిపితే సరిపోతుంది. బజారు పొడిలో ఆకులు, పిండి, తీపి, రంగు అన్నీ ఉంటాయి. సగం కరగదు. వడకడితే అడుగున మిగిలిందాంట్లో ఏం పోయిందో తెలియదు. కరిగించడానికి డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వేద్దామంటే అది 0.01 శాతం మించకూడదు. ఇంకో గండం పులుపు. మా పొడి నీళ్లలో కలపగానే పీహెచ్ పడిపోయింది. అలాగే వదిలేస్తే పిండాలు చచ్చేవి, కానీ వాటిని చంపింది మూలికలా, ఆమ్లమా? అందుకని ముందు పీహెచ్ సరిచేసి, తర్వాతే మోతాదులు కట్టాను. తీపి వల్ల మర్నాటికి బాక్టీరియా పెరిగి నీళ్లు మసకబారతాయి కాబట్టి రోజూ ద్రావణం మార్చాను. పొడుల మీద ఇలాంటి ఫలితం ఎవరు చెప్పినా, ఈ రెండూ చూశారా అని నేనిప్పుడు మొదట అడుగుతాను.

పోల్చి చూడడానికి పక్కనే రెండు ప్లేట్లు తప్పనిసరి. ఉత్త నీళ్లలో కనీసం 90 శాతం బతకాలి. లీటరుకి 4 మిల్లీగ్రాముల డైక్లోరోఅనిలిన్ అనే విష రసాయనం కలిపిన నీళ్లలో కనీసం 30 శాతం చావాలి. ఈ రెండూ నిలబడకపోతే మధ్యలో ఎంత మంచి ఫలితమున్నా పారెయ్యాలి. వేసవిలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగినప్పుడు నేను పారేశాను కూడా. పారెయ్యక తప్పదు.

ఆ పద్ధతి చావునే లెక్కపెడుతుంది: పిండం గడ్డకట్టడం, సోమైట్లు (వెన్నెముక, కండరాలుగా మారే ముద్దలు) ఏర్పడకపోవడం, పచ్చసొన నుంచి తోక విడిపోకపోవడం, గుండె కొట్టుకోకపోవడం. నాకు కావలసింది వైకల్యం. వంగిన తోక, గుండె చుట్టూ చేరిన నీరు, చిన్న కళ్లు విడిగా రాసుకున్నాను. చంపే మోతాదుకి చాలా తక్కువలోనే వైకల్యం వస్తే అది పిండాన్నే పట్టి దెబ్బతీస్తోందని అనుమానించాలి. మా పొడిలో గుండె చుట్టూ నీరు కనిపించింది, కానీ చంపే మోతాదుకి దగ్గరలోనే. తక్కువ మోతాదుల్లో కనిపించలేదు.

ఈ మాట ఇంట్లో చెప్పడమే కష్టమైంది. మా వదినకి మూడో నెల. “ఏటమ్మా, తాగొచ్చా, తాగకూడదా? ఒక్క ముక్కలో చెప్పు” అంది. చేపకి మాయ ఉండదు, తల్లి కాలేయం మందుని మార్చే తీరూ దానిలో కనిపించదు. గుడ్డు పొరలోంచి పెద్ద అణువులు లోపలికి పోవు. కాబట్టి చేప బతికిందని తాగమనే హక్కు నాకు లేదు. “తాగకు వదినా, డబ్బా డాక్టరమ్మకి చూపించు” అన్నాను. దాంతో ఆవిడ అన్నీ మానేస్తానంది! అప్పుడు భయమేసింది. ఆశా దీదీ ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకూడదని, మెదడు, వెన్నుపాము నాళం మొదటి నెలలో సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడేది ఫోలిక్ యాసిడ్డేనని, ఆ దశ దాటినా అవి కావాలని కూర్చోబెట్టి చెప్పాను. అల్మారాలో ఉన్న విటమిన్ ఎ క్యాప్సూళ్లు మాత్రం తీయించాను. రోజుకి 10,000 యూనిట్లు మించి రెటినాల్ (విటమిన్ ఎ రూపం) తీసుకున్న తల్లుల బిడ్డల్లో లోపాలు ఎక్కువని 1995లోనే తేలింది.

రిపోర్టులో ‘సురక్షితం’ అనే మాట రాయలేదు. ‘ఈ మోతాదుల్లో, ఈ పరిస్థితుల్లో ఇది కనిపించింది’ అని రాశాను. మా గైడ్ గారు ఒప్పుకున్నారు. మిగిలిన పొడిని సీసం, పాదరసం పరీక్షకి పంపడానికి సీలు వేసి పెట్టాం. సీసం మాయ దాటి బిడ్డని చేరుతుంది కనుక ఆ అంకెలు వచ్చేదాకా ఈ పని సగమే అయినట్టు.