వగరు వైన్ ఊళ్లలో రెండు రోజులు

అక్టోబర్ రెండో వారంలో ఉత్తర ఇటలీలోని అల్బా అనే ఊళ్లో దిగాం. పొద్దున్నే బరోలో అనే వైన్ ఊరి వైపు బయల్దేరితే లోయలన్నీ పొగమంచుతో నిండిపోయి, కొండల కొసన కట్టుకున్న ఊళ్లు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. పొగమంచుని ఇటాలియన్‌లో నెబ్బియా అంటారు. ఇక్కడి ద్రాక్షకి నెబ్బియోలో అన్న పేరు దాన్నుంచే వచ్చిందంటారు, అది కోతకొచ్చేదీ ఈ మంచు రోజుల్లోనే.

సెర్రలుంగా అనే ఊళ్లో ఒక చిన్న కుటుంబం తోటకి వెళ్లాం. ఏ వాలులో ఏ మొక్క పెట్టాలో ఎండే చెబుతుందని ఆ ఇంటావిడ చూపించింది. దక్షిణానికి తిరిగిన, చలికాలంలో మంచు ముందుగా కరిగే వాలంతా నెబ్బియోలోకే, ఎందుకంటే ముందే చిగురించి అందరికంటే చివర పండుతుంది కాబట్టి దానికి ఎండ ఎక్కువ కావాలి. బర్బెరా అనే ఇంకో ద్రాక్షకి ఆ తర్వాతి చోటు, తొందరగా పండే డొల్చెట్టో రకానికి చల్లటి వాలు.

నెబ్బియోలోతో చేసే బరోలో వైన్‌ని గ్లాసులో పోస్తే రంగు లేతగా ఉంది, తేలికపాటి వైన్ అనుకున్నాను. ఒక్క గుక్కకే చిగుళ్లు బిగుసుకుపోయాయి, నేరేడుపళ్లు తిన్నాక నాలుక ఎలా అవుతుందో అలా. టానిన్ అని ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కనిది, వగరు అనుకోగానే అర్థమైపోయింది! ఆ వగరు మెత్తబడటానికే బరోలోని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, ఆగాకే అమ్మాలని నియమం. పక్కనున్న బర్బరెస్కో ఊరి వైన్‌దీ ఇదే ద్రాక్ష, దానికి 26 నెలలు చాలు. తర్వాత ఆవిడ 2010 నాటి సీసా తీసింది. ఎండిన గులాబీ రేకుల వాసన, వెనకే కొత్తగా వేసిన తారు రోడ్డు వాసన, వగరు ఉంది కానీ నోటిని పట్టెయ్యలేదు. అంత మంచి వైన్ నేను ఇంతవరకు తాగలేదు.

మర్నాడు లా మొర్రా అనే ఊళ్లో తాగిన బరోలో ఇంకా మెత్తగా అనిపించింది, అక్కడి మట్టి వేరు.

అయినా భోజనంలోకి నా ఓటు బర్బెరాకే. ముదురు రంగు, మంచి పులుపు, వగరు తక్కువ. గుడ్డు సొనలతో చేసే తయరిన్ అనే సన్నటి పాస్తా, పైన వెన్న, దాంతో ఇది భలే కుదిరింది. డొల్చెట్టో అంటే తియ్యనిదని అర్థం, తాగితే తీపే ఉండదు. పక్క బల్లల మీద స్థానికులు మధ్యాహ్నం తాగుతున్నది మాత్రం అదే.