మ్యూజియంలో ఒకటి, తోటలో దాని జత: పదకొండు ట్రిప్పుల నోట్‌బుక్

పిల్లల్ని మ్యూజియంలకీ పబ్లిక్ గార్డెన్లకీ తీసుకెళ్ళడం మొదలుపెట్టాక ఇప్పటికి పదకొండు ట్రిప్పులయ్యాయి. పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడు దాటాయి. వెళ్ళొచ్చిన రోజు రాత్రి వాళ్ళు పడుకున్నాక నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఎన్నింటికి వెళ్ళాం, ఎంతసేపు ఉన్నాం, దేని దగ్గర ఆగారు, ఎక్కడ ఏడ్చారు. వాటిలో పనికొచ్చేవి ఇవి.

ట్రిప్ 1

మూడంతస్తుల మ్యూజియం. అంతా ఒకే రోజు చూపించేయాలనుకున్నాను. నలభై నిమిషాలకే బాబు మెట్ల మీద కూలబడ్డాడు. తర్వాతి గంటంతా వాడిని చంకనేసుకునే తిరిగాను. ఇంటికొచ్చాక ఏం చూశావని పాపని అడిగితే "చాలా మెట్లు" అంది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఆ మాటే పెద్దక్షరాలతో రాసుకున్నాను.

ట్రిప్ 2, 3

అదే మ్యూజియం, కానీ ఒక్క గది. గేటు తెరిచే వేళకే వెళ్ళాం, అప్పుడు జనం పలచగా ఉంటారు. లోపలికెళ్ళగానే ముందు బాత్రూమ్, తర్వాతే బొమ్మలు. ఈ వరుస ఇప్పటిదాకా మార్చలేదు. గదిలో ఇరవై అయిదు నిమిషాలుండి, పిల్లలు ఇంకా ఉత్సాహంగా ఉండగానే బయటికి వచ్చేశాం. "మళ్ళీ ఎప్పుడొస్తాం?" అని పాప అడగడం అదే మొదటిసారి.

మూడోసారి బాబు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. వాడి ఎత్తు నుంచి కనిపించేది గాజుపెట్టె అంచు, అద్దంలో లైటు మెరుపు, పెద్దవాళ్ళ కాళ్ళు. గోడ మీద చిత్రాల్ని మామూలుగా వాటి మధ్యభాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలిస్తారు. మూడేళ్ళ పిల్లల కళ్ళు దాదాపు 90 సెంటీమీటర్ల దగ్గరుంటాయి. వాడికి విసుగు రావడంలో వాడి తప్పేం లేదు. అప్పటి నుంచి కింద నుంచి చూసినా నిండుగా కనిపించేవే ఎంచుకుంటున్నాను. శిల్పాలు, పడవలు, అస్థిపంజరాలు అలాంటివి. గాజుపెట్టెలోది చూపించాలంటే ఎత్తుకుంటాను, అదీ ఒక్క పెట్టె దగ్గరే.

ట్రిప్ 4

పాత బట్టల గది. లోపల మసక వెలుతురు. బాబు గడప దగ్గరే నా కాళ్ళు పట్టేసుకుని లోపలికి రానన్నాడు. కాగితం, బట్ట, నీటిరంగుల చిత్రాల మీద వెలుతురు సుమారు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకుండా చూడడం మ్యూజియంలలో మామూలు పద్ధతి. వెలుతురు తగిలే కొద్దీ రంగు వెలుస్తుంది, అలా పోయింది తిరిగి రాదు. మా కిటికీ కర్టెన్ ఎండ పడే వైపు తెల్లబడిపోయింది కదా, ఆ సంగతి గుర్తుచేసి, "ఈ బట్టలు ముసలివి, వీటికి ఎండ సరిపడదు, అందుకే చీకట్లో పడుకోబెట్టారు" అన్నాను. గుసగుసగా మాట్లాడుకుంటూ లోపలికి నడిచాడు. ఫ్లాష్ ఎందుకు కొట్టకూడదో కూడా పాపకి విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. చీకటి గది ఉంటే ఇప్పుడు గుమ్మం బయటే ఈ కథ చెప్పి తీసుకెళ్తున్నాను.

బొమ్మలు గీసుకోవడానికి పెన్సిలే పట్టుకెళ్ళండి. చాలా చోట్ల పెన్నులు, స్కెచ్ పెన్నులు గ్యాలరీలోకి రానివ్వరు. సిరా మరక పడితే పోదు కాబట్టి ఆ రూలు సరైనదే.

ట్రిప్ 5

తోట. ఇక్కడ పాపకి ఒక ఆట దొరికింది. బొటానికల్ గార్డెన్‌లో చాలా చెట్లకి బోర్డు ఉంటుంది, దాని మీద రెండు మాటల శాస్త్రీయ నామం. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో తనకి తెలిసిన మొక్కలన్నిటికీ ఈ పద్ధతిలోనే పేర్లు పెట్టాడు. మొదటి మాట ప్రజాతి, అంటే మన ఇంటిపేరు లాంటిది. మనలాగే చెట్లకీ ఇంటిపేరే ముందు అని చెప్పేసరికి పాప కళ్ళు మెరిశాయి. మర్రి ఫైకస్ బెంగాలెన్సిస్, రావి ఫైకస్ రెలిజియోసా, మేడి ఫైకస్ రేసిమోసా. "అయితే ముగ్గురూ చుట్టాలే!" అంటూ ఫైకస్ వాళ్ళింటి చెట్లన్నీ వెతుక్కుంటూ తిరిగింది. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఇంతకంటే మంచి చదువు నాకు కనిపించలేదు.

తోటలో మా రూళ్ళు రెండే. రాలినవే ఏరుకోవాలి, ఏదీ నోట్లో పెట్టకూడదు. రెండోదాని విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. తోటల్లో అందం కోసం నాటే గన్నేరు ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషమే, పచ్చగన్నేరు కూడా అంతే. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుగుతాం.

ట్రిప్ 6

మూసిన గేటు దగ్గరే అయిపోయింది. చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు, కొన్నిటికి వేరే రోజు. పండగలప్పుడు వేళలు మారతాయి. బయలుదేరే ముందు ఒక్కసారి చూసుకోవాలి.

ట్రిప్ 7

తోటలో మొక్కల కోసం కట్టిన అద్దాల ఇంట్లో విక్టోరియా కలువ. ఆకు పళ్ళెంలా అంచులు పైకి తిరిగి ఉంటుంది. 1849లో ఇంగ్లాండులో ఈ మొక్కని పెంచి పూయించిన జోసెఫ్ పాక్స్‌టన్ తన చిన్న కూతుర్ని ఆ ఆకు మీద నిలబెట్టాడు, ఆకు మునగలేదు. 1851లో లండన్‌లో ఆయన డిజైన్‌తో కట్టిన పెద్ద అద్దాల భవనం క్రిస్టల్ ప్యాలెస్‌కి ఆకు అడుగున ఉండే ఈనెల అల్లికే స్ఫూర్తి. ఆ పిల్ల కథ చెప్పాక మావాళ్ళు పావుగంట కదల్లేదు. నీటి దగ్గర ఉన్నంతసేపూ నేను బాబు చెయ్యి వదల్లేదు, అది రాసిపెట్టుకోవాల్సిన విషయమే.

ట్రిప్ 8, 9

మ్యూజియంలో ఒకటి చూసి, బయట తోటలో దాని జత వెతకడం అనే ఆలోచన ఇక్కడే పుట్టింది. మ్యూజియంలో రెండు కాళ్ళ మీద నిలబడ్డ డైనోసార్ అస్థిపంజరం చూశాం. పాప మొదటి ప్రశ్న "ఇది నిజమైనదేనా?". ఇలాంటి చోట ముందు బోర్డు చదవాలి, చాలా మ్యూజియంలు ఎముకల అచ్చులే నిలబెడతాయి. మేం చూసిందీ అచ్చే. దాని పాదం గీయమన్నాను. ముందుకి మూడు వేళ్ళు గీసింది.

బయట పార్కులో బెంచీ మీద కూర్చోగానే కాకి వచ్చి వాలింది. పాప కాగితం చూసింది, కాకి కాలు చూసింది. "అమ్మా, దీనికీ మూడే!" అని అరిచింది. వెనక ఇంకొక వేలు ఉందని చూపించాను. పక్షులు డైనోసార్ల వంశంలోంచి వచ్చినవే. పక్షికున్నట్టు ఈకలూ, డైనోసార్లకున్నట్టు పళ్ళూ, పొడుగాటి ఎముకల తోకా ఉన్న ఆర్కియోప్టెరిక్స్ అనే జీవి శిలాజం 1861లోనే జర్మనీలో బయటపడింది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట మిగతా డైనోసార్లు పోయినా ఈ శాఖ మిగిలింది. ఇదంతా చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. తర్వాతి వారమంతా బాబు కాకి కనిపించినప్పుడల్లా "డైనోసార్" అని పిలిచాడు. మ్యూజియంలో చూసింది ఇంటిదాకా రావాలని నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే.

తొమ్మిదోసారి అదే అస్థిపంజరం దగ్గరికి వెళ్దామని వాళ్ళే అడిగారు.

ట్రిప్ 10

వరుస తిప్పి ముందు తోట, తర్వాత మ్యూజియం పెట్టాను. కుదరలేదు. మట్టి చేతులు, అలసిన కాళ్ళు, గదిలో పది నిమిషాలు కూడా నిలవలేదు. మ్యూజియమే ముందు.

ఆ రోజు రద్దీలో పాప అర నిమిషం కనిపించలేదు. నాకు చెమటలు పట్టేశాయి. అప్పటి నుంచి గేటు దగ్గర ఇద్దరికీ ఒక ఫోటో తీస్తున్నాను, ఆ రోజు వేసుకున్న బట్టలతో సహా ఫోన్‌లో ఉంటుంది. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దని, యూనిఫామ్‌లో ఉన్న గార్డు పక్కన నిలబడమని చెప్పి, ఆ గార్డుని ముందే చూపిస్తున్నాను.

ట్రిప్ 11

రాతి పలక మీద ఫెర్న్ ఆకు శిలాజం. ఫెర్న్ మొక్కలు 35 కోట్ల ఏళ్ళకు పైగా భూమ్మీద ఉన్నాయి. తోటలో నీడ పట్టున బతికున్న ఫెర్న్ దొరికింది. బాబు ఆకుని మెల్లగా వెనక్కి తిప్పితే అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు. వాటిలో సిద్ధబీజాలు, అంటే కొత్త మొక్కలు వచ్చే పొడిలాంటి రేణువులు ఉంటాయి, ఫెర్న్‌కి విత్తనాలుండవు. వాడు కాసేపు చూసి, "రాయిలో ఆకుకీ వెనకాల చుక్కలున్నాయా?" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆ పలక దగ్గరికే. ఈసారి భూతద్దం సర్దాను. ఆకుకి ఏ వైపు పైకి ఉందో కౌంటర్లో ఎవరినైనా అడగాలి.